పరుగు రహస్యం పళ్ళచక్రాల్లో

శక్తి అంతా ఇంజనుదే. కాని ఆ శక్తి ఏ వేగం వద్ద, ఎంత బలంగా చక్రాలను చేరాలో నిర్ణయించేది గేరు పెట్టె. ఈ సత్యాన్ని గ్రహించని వాహనదారు డబ్బునే కాదు, ఒక్కొక్కప్పుడు ప్రాణాన్నీ పణంగా పెడతాడు.

ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయ్‌పూర్‌లో శంకర్ నగర్ సంపన్నుల నివాసప్రాంతం. అక్కడి నుంచి బయలుదేరిన కారు కొంతసేపటికే నవ రాయ్‌పూర్ విశాలమైన రహదారులకు చేరుతుంది. దక్షిణానికి తిరిగితే ధమ్తరీ, కాంకేర్, కేశకాల్ ఘాట్ మలుపులు, జగ్‌దల్‌పూర్, కోరాపుట్, సాలూరు మీదుగా విజయనగరం, విశాఖపట్నం. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచీ రాయ్‌పూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇది పుట్టింటి దారి. ఒకే ప్రయాణంలో మైదానం, అడవి, కొండ మూడూ ఎదురయ్యే ఈ దారి మీద కారులోని ప్రతి గేరూ తన అవసరాన్ని తానే చెప్పుకొంటుంది.

శంకర్ నగర్‌లో ఒక యువకుడు శక్తిమంతమైన సెడాన్ కారు కొన్నాడనుకుందాం. వంద దాటాక కారు తాను ఆశించినంత ఉరవడిగా దూసుకుపోవడం లేదని అతని ఫిర్యాదు. "క్రౌన్-పినియన్ మార్పించు, పికప్ దానంతటదే పెరుగుతుంది" అని మిత్రులు సలహా చెప్పారు. వెనుక ఇరుసు దగ్గర ఉండే ఆ పళ్ళచక్రాల జత నిష్పత్తిని పెంచితే కారు అన్ని వేగాల వద్దా చురుకుగా పరుగెత్తుతుందని వాళ్ళ నమ్మకం. మోటారు ప్రియులలో ఈ నమ్మకం చాలా పాతది. అందులో నిజం ఉంది. అయితే అది సగం నిజమే.

రైలుపట్టాలు చెప్పే పాఠం

ఈ ప్రశ్నకు సమాధానం వెదుక్కుంటూ ఎక్కడికో పోనక్కరలేదు. రాయ్‌పూర్ రైల్వే స్టేషను హౌరా-ముంబయి ప్రధాన మార్గం మీద ఉంది. 1931లో పూర్తయిన విజయనగరం మార్గం కూడా ఇక్కడే కలుస్తుంది. బొగ్గు, ఇనుప ఖనిజం నింపుకొన్న గూడ్సుబళ్ళను ఈడ్చే విద్యుత్ ఇంజన్లలో డబ్ల్యూఏజీ-9 పేరెన్నికగన్నది. ప్రయాణికుల రైళ్ళను లాగే డబ్ల్యూఏపీ-7 దానికి స్వయానా తమ్ముడు. రెండూ చిత్తరంజన్ కర్మాగారపు బిడ్డలు. రెండింటి శక్తీ ఆరువేల అశ్వశక్తికి పైమాటే. మోటార్ల వంశమూ ఒకటే. ప్రధానమైన తేడా పళ్ళచక్రాలలోనే ఉంది.

గూడ్సు ఇంజనులో పెద్ద చక్రానికి 77 పళ్ళు, చిన్నదానికి 15. అంటే ఇరుసు ఒకసారి తిరగడానికి మోటారు అయిదుసార్లకు పైగా తిరగాలి. ప్రయాణికుల ఇంజను తొలి నమూనాలో ఈ సంఖ్యలు 72, 20, మోటారు 3.6 సార్లు తిరిగితే చాలు. ఫలితం ఏమిటి? గూడ్సు ఇంజను కదిలేటప్పుడు దాదాపు 460 కిలోన్యూటన్ల బలంతో లాగుతుంది. కాని దాని గరిష్ఠవేగం గంటకు 100 కిలోమీటర్లు. ప్రయాణికుల ఇంజను లాగే బలం సుమారు 323 కిలోన్యూటన్లకు తగ్గింది. వేగం మాత్రం 130 దాటింది. 460ని 323తో భాగించినా, 5.13ని 3.6తో భాగించినా వచ్చే జవాబు ఒక్కటే: 1.42. బలంలో పోయినది వేగంలో తిరిగి వచ్చింది.

పల్లెటూరి రైతుకు ఈ న్యాయం కొత్తది కాదు. బండరాయి కింద గడ్డపార దూర్చి, రాతికి దగ్గరగా ఆనిక పెట్టి, ఆ చివర నొక్కితే మనిషి పదింతల బరువును లేపగలడు. కాని చేయి జానెడు దిగితే రాయి అంగుళమైనా లేవదు. గేరు పెట్టె నిరంతరం తిరిగే గడ్డపార. అది శక్తిని సృష్టించదు. బలానికీ వేగానికీ మధ్య బేరం కుదురుస్తుంది, అంతే.

మెలితిప్పే బలమా, అశ్వశక్తా?

ఇంజను ఇరుసును మెలితిప్పే బలాన్ని టార్క్ అంటారు. ఆ బలానికి భ్రమణవేగం తోడైతే శక్తి అవుతుంది. అశ్వశక్తి అని మనం వ్యవహరించేది దీనినే. పెట్రోలు ఇంజనులో ఈ రెండు శిఖరాలూ ఒకచోట ఉండవు. టార్క్ మధ్యమ భ్రమణాల వద్ద పరాకాష్ఠనందుకొని, ఆపైన క్రమంగా తగ్గుతుంది. శక్తి మాత్రం ఇంకా పెరుగుతూ పోయి, దాదాపు ఇంజను ఓర్చుకోగల చివరి హద్దు దగ్గర శిఖరాన్ని చేరుతుంది. వేగంగా పరుగెత్తే కారును మరింత వేగంగా తోయాలంటే ఈ రెంటిలో దేనిని ఆశ్రయించాలి?

ప్రపంచ ప్రసిద్ధమైన ఒక కారుతో లెక్క కడదాం. 1998 నుంచి 2003 వరకు తయారైన బీఎండబ్ల్యూ ఎం5 సెడాన్‌కు అయిదు లీటర్ల, ఎనిమిది సిలిండర్ల ఇంజను ఉండేది. దాని గరిష్ఠ టార్క్ నిమిషానికి 3,800 భ్రమణాల వద్ద 500 న్యూటన్-మీటర్లు. గరిష్ఠ శక్తి 6,600 భ్రమణాల వద్ద 400 అశ్వశక్తి. అప్పటికి టార్క్ 425కు దిగిపోతుంది. గేర్లు ఆరు, వాటి నిష్పత్తులు వరుసగా 4.23, 2.53, 1.67, 1.23, 1.00, 0.83. క్రౌన్-పినియన్ నిష్పత్తి 3.15. వెనుక చక్రం ఒకసారి తిరిగితే కారు సుమారు 1.98 మీటర్లు సాగుతుంది.

ఈ కారు గంటకు 150 కిలోమీటర్ల వేగంతో పోతున్నదనుకోండి. అయిదవ గేరులో ఉంటే ఇంజను నిమిషానికి దాదాపు 4,000 సార్లు తిరుగుతుంది. టార్క్ శిఖరం సరిగ్గా ఆ చేరువలోనే ఉంది. కనుక ఇంజను తన శాయశక్తులా మెలితిప్పుతున్నదని, ఇంతకన్న బలమైన తోపు సాధ్యం కాదని ఎవరికైనా అనిపిస్తుంది. కాని మూడవ గేరుకు దిగితే ఇంజను వేగం 6,600కు ఎగబాకుతుంది. అక్కడ టార్క్ తక్కువే. అయినా గేరు దానిని 1.67 రెట్లు హెచ్చిస్తుంది. ఘర్షణ నష్టాలను పక్కన పెట్టి గుణిస్తే, అయిదవ గేరులో చక్రాల వద్ద తోపు సుమారు 5,000 న్యూటన్లు, మూడవ గేరులో సుమారు 7,100 న్యూటన్లు. మామూలు మాటల్లో చెబితే, వెనుకనుంచి నెట్టే చేయి 510 కిలోల బలం నుంచి 720 కిలోల బలానికి పెరిగింది. ఇంజను మెలితిప్పే బలం తగ్గింది, కారును నెట్టే బలం పెరిగింది!

ఇందులో ఇంద్రజాలమేమీ లేదు. తోపును వేగంతో గుణిస్తే శక్తి వస్తుంది. కారు వేగం 150 వద్ద నిలిచి ఉన్నప్పుడు, ఎక్కువ తోపు కావాలంటే ఎక్కువ శక్తి కావాలి. ఆ క్షణాన ఇంజను తన శక్తిశిఖరం మీద నిలబడి ఉందా లేదా అన్నదే అసలు ప్రశ్న. దాన్ని అక్కడ నిలబెట్టడమే గేరు పెట్టె ధర్మం.

తరువాతి తరం ఎం5 ఈ సూత్రాన్నే పట్టుకొంది. దాని పది సిలిండర్ల ఇంజను టార్క్ 520 న్యూటన్-మీటర్లే. పాతదానికన్న కేవలం 20 ఎక్కువ. కాని అది నిమిషానికి 8,000 పైచిలుకు భ్రమణాలు చేయగలదు. అందువల్ల శక్తి 507 అశ్వశక్తికి చేరింది. ఆ అధిక భ్రమణాలను తోపుగా మార్చుకొనేందుకు క్రౌన్-పినియన్ నిష్పత్తిని 3.62కు పెంచి, గేర్లను ఏడు చేశారు.

మిత్రుల సలహా ఎంతవరకు నిజం?

ఇప్పుడు శంకర్ నగర్ యువకుడి సమస్యకు వద్దాం. పాత ఎం5కే 3.15 బదులు 3.62 నిష్పత్తి గల క్రౌన్-పినియన్ బిగించామనుకుందాం. ప్రతి గేరులోనూ తోపు సుమారు 15 శాతం పెరుగుతుంది. మిత్రులు చెప్పినది ఇంతవరకు అక్షరసత్యం. కాని అదే మేరకు ప్రతి గేరూ తొందరగా అయిపోతుంది. ఈ సంగతి వాళ్ళు చెప్పలేదు.

ఇంజను హద్దు 7,000 భ్రమణాలు. అసలు కారులో మూడవ గేరు 158 కిలోమీటర్ల దాకా పనిచేస్తుంది. మార్చిన కారులో 138 దగ్గరే ముగుస్తుంది. కనుక 138, 158ల మధ్య అసలు కారు ఇంకా మూడవ గేరులో పరుగెడుతుండగా, మార్చిన కారు నాలుగవ గేరుతో సరిపెట్టుకోవాలి. అక్కడ అసలు కారుదే పైచేయి. 158 దాటాక అసలు కారు కూడా నాలుగవ గేరుకు మారుతుంది. అప్పుడు మార్చిన కారు ముందంజ వేస్తుంది. 187 దగ్గర దాని నాలుగవ గేరు కూడా అయిపోతుంది. అక్కడినుంచి 215 వరకు మళ్ళీ అసలు కారుదే ఆధిక్యం. ఒక మెట్టు మీద గెలిచినవాడు మరుసటి మెట్టు మీద ఓడుతున్నాడు. పైగా మార్చిన కారు అదే వేగాన్ని అందుకొనేందుకు ఎక్కువసార్లు గేరు మార్చవలసి రావచ్చు. చేతితో గేరు మార్చే ప్రతిసారీ కారు కొద్ది క్షణాలు తోపు లేకుండా దొర్లుతుంది.

కదిలి వేగమందుకొనే తొలి క్షణాల్లోను, గేరు మార్చకుండానే ముందుకు ఉరకాలనుకొన్నప్పుడు, ఈ మార్పు స్పష్టంగా తెలుస్తుంది. అందుకే దానిని చేయించుకొన్నవారు కారు కొత్త ప్రాణం పోసుకొందని మురిసిపోతారు. పూర్తి బలంతో, సరైన గేరులో, అధికవేగం వద్ద పోటీ పెడితే మాత్రం లాభనష్టాలు చాలావరకు చెల్లుకు చెల్లవుతాయి. నష్టం మటుకు నిత్యమూ ఉంటుంది. ఆరవ గేరులో 100 కిలోమీటర్ల వేగం వద్ద 2,200 భ్రమణాలతో నిమ్మళంగా తిరిగే ఇంజను, మార్పు తరువాత 2,500 పైన తిరుగుతుంది. మోత పెరుగుతుంది, పెట్రోలు ఖర్చు పెరుగుతుంది. గేరు పెట్టె నుంచి వేగాన్ని కొలిచే పాతకాలపు కార్లలో స్పీడోమీటరు కూడా తప్పుడు లెక్క చూపుతుంది.

మెట్ల మధ్య ఎడం

నేర్పరి అయిన ఇంజనీరు ఒక్క క్రౌన్-పినియన్‌ను కాక, గేర్ల మధ్య ఎడాన్ని చూస్తాడు. ఎం5 నిష్పత్తులను మరొకసారి గమనించండి. మొదటి గేరు నుంచి రెండవ గేరుకు మారినప్పుడు ఇంజను వేగం 7,000 నుంచి 4,200 దరిదాపులకు కూలుతుంది. మూడు నుంచి నాలుగుకు మారితే 5,150కి మాత్రమే దిగుతుంది. నాలుగు నుంచి అయిదుకు మారితే 5,700 దగ్గరే ఆగుతుంది. పైకి వెళ్ళేకొద్దీ మెట్లు దగ్గరపడుతున్నాయి.

దీనికి కారణం గాలి. గాలి నిరోధం వేగపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. దానిని జయించడానికి కావలసిన శక్తి ఘనాన్ని అనుసరిస్తుంది. వేగం రెట్టింపైతే గాలి కోరే శక్తి ఎనిమిది రెట్లు. చక్కని ఆకృతి గల ఒక సెడాన్‌కు గంటకు 100 కిలోమీటర్ల వేగం వద్ద గాలిని చీల్చడానికి పన్నెండు అశ్వశక్తి సరిపోతుందనుకొంటే, 200 వద్ద అదే పనికి తొంభయి దాటుతుంది. తక్కువ వేగం వద్ద ఇంజను శక్తిలో చాలా భాగం మిగిలే ఉంటుంది. అది కొంచెం కుంటినా కారు ముందుకు సాగుతుంది. అధికవేగం వద్ద మిగులు స్వల్పం. గేరు మార్చినప్పుడు ఇంజను శక్తిశిఖరం నుంచి బాగా దిగజారితే ఆ కాస్త మిగులూ ఆవిరైపోతుంది. అందుకే పై మెట్లు దగ్గరగా ఉండాలి.

గేర్ల సంఖ్య పెరగడానికి మూలం ఇక్కడే ఉంది. మన దేశంలో 2004లో స్కోడా ఆక్టేవియా ఆర్ఎస్ 150 అశ్వశక్తితో, అయిదు గేర్లతో వచ్చింది. 2020లో వచ్చిన దాని వారసుడికి 245 అశ్వశక్తి, రెండు క్లచ్‌లతో తనంతట తానే మారే ఏడు గేర్లు. ఒక క్లచ్ ఒక గేరును నడుపుతుండగానే రెండవ క్లచ్ మరుసటి గేరును సిద్ధం చేసి ఉంచుతుంది. మార్పిడి సమయంలో తోపు దాదాపు తెగదు. మెట్లు ఎక్కువైనా ఎక్కే శ్రమ తెలియదు.

విశ్రాంతికి ఒక గేరు

పై గేరు అంటే అత్యధిక వేగానికేనని చాలామంది భావిస్తారు. అన్నిసార్లూ అది నిజం కాదు. 1990లో మార్కెట్టుకు వచ్చిన లోటస్ కార్ల్‌టన్ అనే నాలుగు తలుపుల కారు 377 అశ్వశక్తితో గంటకు 280 కిలోమీటర్ల వేగాన్ని దాటగలిగేది. కుటుంబ వాహనానికి ఇంత వేగమెందుకని బ్రిటన్‌లో పెద్ద దుమారమే చెలరేగింది. 1993లో దొంగలు అపహరించిన అలాంటి కారొకటి దుకాణాల దోపిడీలకు ఉపయోగపడింది. దానిని వెన్నాడి పట్టుకోవడం పోలీసు వాహనాలకు సాధ్యం కాలేదు. అంతటి కారులో ఆరవ గేరు నిష్పత్తి 0.50. అంటే ఇంజను ఒకసారి తిరిగితే వెనుకకు పోయే ఇరుసు రెండుసార్లు తిరుగుతుంది. అది ఉరకడానికి పెట్టిన గేరు కాదు. ఉరికిన తరువాత ఇంజను ఊపిరి పీల్చుకోవడానికి పెట్టినది.

బ్యాటరీతో నడిచే కార్లు ఈ కథకు కొత్త మలుపు తెచ్చాయి. విద్యుత్ మోటారు నిశ్చలస్థితి నుంచే పూర్తి టార్క్ ఇస్తుంది, అత్యధిక భ్రమణాలనూ సహిస్తుంది. కనుక చాలావాటికి ఒకే నిష్పత్తి చాలు. అయినా 2019లో వచ్చిన పోర్షే టైకాన్ వెనుక ఇరుసుకు రెండు గేర్లు అమర్చారు. ఒకటి ఉన్నచోటు నుంచి ఉరకడానికి, రెండవది అధికవేగం వద్ద శక్తి సన్నగిల్లకుండా చూడడానికి. ఇంధనం మారినా గడ్డపార న్యాయం మారలేదు.

అయిదు సెకన్ల ఆయుష్షు

150, 200 అనే అంకెలు పందెపు మైదానాలవి. మన దేశంలో 2018 నాటి ప్రకటన ప్రకారం కార్ల గరిష్ఠవేగం ఎక్స్‌ప్రెస్‌వేల మీద 120, విభాజకంతో కూడిన నాలుగు వరుసల రహదారుల మీద 100, ఇతర రోడ్ల మీద 70 కిలోమీటర్లు. కాని గేరు విలువ తెలిసేది ఆ 70 లోపలే, ఎదురుబొదురు వాహనాలు నడిచే రెండు వరుసల రోడ్డు మీద.

ముందు 45 కిలోమీటర్ల వేగంతో ఒక లారీ పోతున్నది. దాని వెనుక అదే వేగంతో కారు. సురక్షితంగా దాటి తన వరుసలోకి రావడానికి కారు లారీకన్న సుమారు 40 మీటర్లు అదనంగా ప్రయాణించాలి. బద్ధకించి అయిదవ గేరులోనే యాక్సిలరేటరు తొక్కితే కారు సెకనుకు అర మీటరు చొప్పున మాత్రమే వేగం పుంజుకొంటున్నదనుకుందాం. దాటడానికి పన్నెండున్నర సెకన్లు పడుతుంది. ముందుగానే రెండవ గేరుకు దింపి, సెకనుకు ఒకటిన్నర మీటర్ల చొప్పున పుంజుకొని, 70 దగ్గర నిలకడగా సాగితే ఎనిమిది సెకన్లు చాలు. తేడా నాలుగున్నర సెకన్లు. ఈలోగా 70 కిలోమీటర్ల వేగంతో ఎదురుగా వచ్చే వాహనం దాదాపు 90 మీటర్లు దగ్గరవుతుంది. ఆ 90 మీటర్లే ఒక్కొక్కప్పుడు ఒక కుటుంబం ఆయుష్షు.

గమనించండి. ఇందుకు క్రౌన్-పినియన్ మార్చనక్కరలేదు. ఒక్క రూపాయి ఖర్చు లేదు. కారుతో పాటు వచ్చిన గేరునే, దాటడానికి ముందు, ఎడమచేతితో కిందికి లాగితే చాలు. దాటుతూ సగంలో గేరు మార్చబోయేవాడు, తోపు అత్యవసరమైన క్షణంలోనే దానిని తెంచుకొంటున్నాడు. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు ఆ చిన్న గేరే మరో విధంగా ఆదుకొంటుంది. ఇంజను తానే కారును నిలువరిస్తూ, బ్రేకులు కాగి పట్టు తప్పకుండా కాపాడుతుంది.

రాయ్‌పూర్ నుంచి విశాఖపట్నానికి 464 కిలోమీటర్ల ఆరు వరుసల రహదారిని తలపెట్టారు. దాని ఆంధ్ర భాగానికి 2022 నవంబరులో విశాఖలో శంకుస్థాపన జరిగింది. అటువంటి దారి మీద లారీని దాటడానికి ఎదుటి వరుసలోకి పోవలసిన పని లేదు. పై గేరులో, తక్కువ భ్రమణాలతో, ఇంజను సన్నగా కూనిరాగం తీస్తుండగా గంటల తరబడి సాగిపోవచ్చు. అక్కడ ఆ యువకుడు కోరుకొన్న నిష్పత్తి వరం కాదు, భారం. కారఖానాలో ఇంజనీర్లు ఎంతో తర్కించి ఎన్నుకొన్న అంకె ఎందుకు పుట్టిందో అతనికి ఆ దారే బోధపరుస్తుంది.

అంతవరకు కేశకాల్ మలుపుల దారే గురువు. కొండ మొదట్లో బరువు లారీ డ్రైవరు ఒక్క క్షణం తటపటాయించి, గేరు దింపి, ఆపైన తొందర లేకుండా ఎక్కిపోతాడు. బలం ఎప్పుడు కావాలో, వేగం ఎప్పుడు కావాలో అతని చేతికి తెలుసు. నాలుగు వందల అశ్వశక్తి కారులో కూర్చొన్నవాడు అతని దగ్గర నేర్చుకోవలసినది అదొక్కటే.